పట్టుకోవడానికి రాసిన పేరు

పిఠాపురం పాదగయకి పిండప్రదానం చెయ్యడానికి వచ్చేవాళ్ళని మేం ముందుగా గోత్రం అడుగుతాం, తరవాత పేర్లు అడుగుతాం. తండ్రి, తాత, ముత్తాత. తల్లివైపు కూడా అలాగే మూడు తరాలు. చాలామంది ముత్తాత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. అక్కడే మెట్ల మీద నిలబడి ఊళ్ళో ఉన్న మేనత్తకో పెదనాన్నకో ఫోన్ చేసి కనుక్కుంటారు. మారిషస్ నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యరు. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీస్తారు. అందులో కాయితాలుంటాయి.

నేను ఈ క్షేత్రంలో పౌరోహిత్యం చేసేవాణ్ణి. మా నాన్నగారూ ఇదే చేశారు. చనిపోయినవాళ్ళని పేరు పెట్టి పిలవడం మా వృత్తి. అందుకే ఆ కవర్లలోని కాయితాలు నన్ను ఇంత కాలం పట్టుకుని ఉన్నాయి. ఆ కాయితాలూ పేర్లు రాసినవే. రాసిన కారణం మాత్రం వేరు.

అవి పోర్ట్ లూయిస్ రేవు కాయితాలు. మారిషస్‌లో బ్రిటిష్‌వాళ్ళు బానిసత్వాన్ని రద్దు చేసింది 1835 ఫిబ్రవరి 1న. అంతకు మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో 36 మంది మనవాళ్ళు కలకత్తా నుంచి ఆ రేవులో దిగారు. చెరకు నరకడానికి బానిసలు లేకపోతే ఒప్పందం మీద పనిచేసే కూలీలు కావలసి వచ్చారు. అప్పటినుంచి 1910 దాకా నాలుగున్నర లక్షలమందికి పైగా దిగారు, కలకత్తా నుంచీ మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ. వాళ్ళని దింపి లెక్క రాసుకోవడానికి 1849లో కట్టిన డిపోలో కొంత భాగం ఇంకా ఉంది. దాన్నే ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రేవు నుంచి పైకి ఎక్కే 16 రాతిమెట్లు ఉన్నాయట. అక్కడి నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మెట్ల సంగతి చెబుతారు. రిజిస్టర్లూ ఫొటోలూ మాత్రం మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వారసులు వెళ్ళి అడిగితే వెతికి నకలు ఇస్తారు.

మన గంజాం నుంచీ విశాఖపట్నం నుంచీ గోదావరి మండలం నుంచీ వెళ్ళినవాళ్ళని ఆ దీవిలో కొరింగీలు అనేవారు. మా కోరంగి పేరే అది. కాకినాడ దాటి యానాం దారిలో, తాళ్ళరేవు దగ్గర ఉంటుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి సముద్రం మీద పడింది. ఆ తరవాత ఇసుక మేట వేసింది. ఇప్పుడు చుట్టూ మడ అడవి. పడవలో తిప్పి చూపిస్తారు. అక్కడ దిగి ఫొటోలు తీసుకునే మా పిల్లలకి, ఆ రేవు పేరు మరో సముద్రంలో ఒక జాతి పేరుగా మిగిలిందని తెలియదు. చెప్పాలి.

ఎందుకు వెళ్ళారంటే ఆకలి. 1833 నాటి నందన కరువు గుంటూరు సీమనే కాదు, గోదావరి మండలాన్నీ పీల్చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. ఈ నేలని అన్నపూర్ణ అనుకుంటూ పెరిగిన మాకు, ఆనకట్టకి ముందు ఇక్కడి మనిషి గంజికి వెతుక్కున్నాడంటే నమ్మబుద్ధి కాదు.

ఒక సంవత్సరం మహాలయ పక్షంలో మారిషస్ నుంచి ఒక అక్కా తమ్ముడూ వచ్చారు. ఆవిడ అక్కడ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. తెలుగు బడిలోనే నేర్చుకుందట. ఒక్కో మాటా పేర్చుకుంటూ, కాని తప్పు లేకుండా మాట్లాడేది. తమ్ముడికి క్రియోల్, ఫ్రెంచ్ బాగా వచ్చు. తెలుగులో రామభజన పాటలు మాత్రం వచ్చు. కర్మ చేసేది తమ్ముడు. కాయితాలు ఆవిడ చేతిలో ఉన్నాయి.

మొదటిది రిజిస్టరు పుట నకలు. 1843 నాటిది. నంబరు. పేరు. తండ్రి పేరు. వయసు ఇరవై. ఎత్తు. కులం. ఎడమ చెంప మీద గాటు. ఓడ పేరు, దిగిన తేదీ. జిల్లా రాజమండ్రి. ఊరి పేరు ఉంది కాని, విన్న గుమాస్తా తన చెవికి తోచినట్టు రాశాడు. దాన్ని మూడు ఊళ్ళుగా చదవచ్చు, మూడూ మా చుట్టుపక్కలవే. ఇంటిపేరు లేదు. ఆ రిజిస్టర్లలో దానికి గడి లేదు.

రెండోది ఫొటో. అది పాతికేళ్ళ తరవాతది. 1867లో అక్కడ ఒక చట్టం వచ్చింది. అయిదేళ్ళ ఒప్పందం పూర్తయి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్న పాత కూలీలందరూ ఫొటో అంటించిన టికెట్టు ఒంటి మీద ఉంచుకోవాలి, పోలీసు పాసు కూడా ఉండాలి. లేకుండా కనబడితే దిమ్మరి కింద లెక్కగట్టి జైల్లో పెట్టేవారు. ఆ ఏడే దీవిలో మలేరియా పాకి వేలకి వేలు చనిపోతున్నారు. అప్పుడే ఈ ఫొటోలు తీశారు. ఈ బాధ మీద 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే దొర పాత కూలీల తరపున అర్జీ తయారుచేస్తే 9,401 మంది దాని మీద తమ పేర్లు పెట్టారు. తోటల యజమానులు ఆయన్ని పట్టుకుని కొట్టారు కూడా. మరుసటి ఏడు రాణీ ప్రభుత్వం విచారణ సంఘాన్ని పంపింది. 1875లో నివేదిక వచ్చింది.

ఫొటోలో ముసలితనం మొదలైన మనిషి. భుజం మీద గుడ్డ. చెంప మీద గాటు అలాగే ఉంది. ఆయన మనవైపు చూడటం లేదు. పక్కనెవరో నిలబడి ఎలా కూర్చోవాలో చెబుతున్నట్టు, అటు చూస్తున్నాడు.

ఆవిడ నన్ను అడిగిన మాట ఇది: "పంతులుగారూ, ఇది గుమాస్తా రాసిన పేరు. అమ్మ పిలిచిన పేరు ఏదో మాకు తెలియదు. ఈ పేరుతో పిలిస్తే ఆయనకి అందుతుందా?"

ఈ ప్రశ్నకి శాస్త్రంలో తిన్నని జవాబు ఉంది, అది చెప్పాను. తర్పణంలో పేరు పెట్టి పిలిచేది మూడు తరాలనే. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. ఆ పైన ఉన్న మూడు తరాలని పేరుతో పిలవం. పిండాలు పెట్టాక చేతికంటుకున్న మెతుకులని దర్భల మొదళ్ళకి తుడుస్తాం కదా, అదే వాళ్ళ భాగం. మనువు చెప్పిన పద్ధతి. వాళ్ళని లేపభాగులంటారు. ఆవిడ చేత లెక్క పెట్టిస్తే ఈ కొరింగీ తాత అయిదో తరం. అంటే ఆయన పేరు అవసరమే లేదు. తమ్ముడు చెయ్యి తుడిచినప్పుడు ఆయన వంతు ఆయనకి ముడుతుంది. గోత్రం తెలియదంటారా, కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు, దానికీ దారి ఉంది.

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆ కాయితం కోసం ఆవిడ మోకాకి ఎన్నిసార్లు తిరిగిందో, ఆ గుమాస్తా రాతని ఎన్ని రాత్రులు కూడబలుక్కుని చదివిందో. అంతా విని, అక్కర్లేదమ్మా అంటే ఎలా ఉంటుంది? నేను చెప్పింది నిజమే. కాని ఆవిడ అడిగింది పద్ధతి గురించి కాదు. ఒక మనిషి గురించి మనకి మిగిలింది అతన్ని కట్టడి చెయ్యడానికి తయారైన కాయితమే అయినప్పుడు, ఆ కాయితం ద్వారా అతని దగ్గరికి వెళ్ళడం ధర్మమేనా అని అడిగింది. అది నాకు ఆ పూట పిండాలు కలుపుతుండగా తట్టింది.

జనకుడి సభలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు, బృహదారణ్యకంలో ఉంది. మనిషి చనిపోయినప్పుడు అతన్ని విడిచిపెట్టనిది ఏమిటి? నామం అన్నాడు యాజ్ఞవల్క్యుడు. నామం మాత్రం ఉంటుంది, దానికి అంతం లేదు, విశ్వేదేవుల్లాగే అన్నాడు. శ్రాద్ధంలో విశ్వేదేవులని ముందుగా పిలిచి కూర్చోబెట్టే మాకు ఆ మాట ఊరికే పోదు.

మరి ఏ నామం? అమ్మ పిలిచిందా, గుమాస్తా రాసిందా? నాకు తోచింది ఇది. ఆ మనిషి నలభై ఏళ్ళు ఆ గుమాస్తా రాసిన పేరుకే పలికాడు. తోటలో హాజరు పిలిచినప్పుడు, జీతం కోసినప్పుడు, పెళ్ళి రాయించినప్పుడు ఆ పేరుకే లేచి నిలబడ్డాడు. ఇంకో సంగతి ఉంది. ఆ దీవిలో తాత పేరే తరవాతివాళ్ళకి ఇంటిపేరుగా స్థిరపడింది. ఇక్కడ పోయిన ఇంటిపేరు స్థానంలోకి ఆయన పేరే వచ్చి కూర్చుంది. అంటే ఆవిడ బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలు ఆవిడని ఆ పేరుతోనే పిలిచారు. ఆ పిలుపు ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆవిడతో అదే అన్నాను: "అమ్మా, ఈ పేరు ఆయన్ని విడిచిపెట్టలేదు, మిమ్మల్నీ విడిచిపెట్టలేదు. దీంతోనే పిలుద్దాం." మూడు తరాల తర్పణమూ అయ్యాక, కారుణ్య పితృదేవతల వరసలో ఆ పేరు చెప్పి, కాశ్యప గోత్రం చెప్పి, తమ్ముడి చేత నువ్వులూ నీళ్ళూ వదిలించాను. పెద్దమ్మలూ మేనమామలూ గురువులూ స్నేహితులూ అందరికీ చోటున్న వరస అది.

పిండాలు పెట్టేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. తమ్ముడు ఫొటో నకలు తీసి, పూలదండ వేసి, బొట్టు పెట్టి పిండాల పక్కన నిలబెట్టబోయాడు. నేను వద్దన్నాను. అక్కడ నిలబడ్డ కొందరికి అది కఠినంగా తోచి ఉంటుంది. కారణం చెబుతాను.

ఆ రిజిస్టరు పుటలో ఉన్నవన్నీ ఒక మనిషిని మిగతా అందరి నుంచీ వేరు చేసేవి. ఎత్తు ఇంత, గాటు ఇక్కడ, నంబరు ఇది. లక్షమందిలో కలిసిపోయినా చెయ్యి వేసి పట్టుకోగలగాలి. ఫొటో ఆ పనికే తీశారు. అది తండ్రికి పంపడానికి కొడుకు తీయించుకున్న ఫొటో కాదు. మా కర్మ సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. మేం పిలిచే మనిషికి ముఖం పెట్టం. దర్భ కూర్చలోకి పిలుస్తాం. దర్భకి గాటు లేదు, ఎత్తు లేదు, కులం గడి లేదు. కొడుకు మొదట పేరు పెట్టి పిలుస్తాడు. మరో తరం గడిచేసరికి ఆయన రుద్రుడు, ఆ పై తరానికి ఆదిత్యుడు, ఆ తరవాత పేరు కూడా అడగని వంశపు పెద్దల్లో ఒకడు. అడుగు అడుక్కీ మనిషి చుట్టూ ఉన్న గీతలు ఒక్కొక్కటీ చెరుగుతాయి. అక్కడ పట్టుకోవడానికి పేరు రాశారు. ఇక్కడ వదిలిపెట్టడానికి పేరు పిలుస్తాం. ఆ ఫొటోని దర్భ పక్కన పెడితే, పోలీసు టికెట్టుని మళ్ళీ ఆయన చేతిలో పెట్టినట్టు నాకు అనిపించింది.

అయితే ఫొటోని చూడద్దనలేదు. ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి, పిల్లలకి చూపించండి, ఆయన మీద జరిగిందేమిటో ఆ చూపులో ఉంది, అది మీకు తెలియాలి అన్నాను. తెలుసుకోవడం ఒక బాధ్యత, విడుదల ఇంకో బాధ్యత. ఆ రెంటినీ కలపకూడదని నా నమ్మకం.

మా క్షేత్రంలోనే శాస్త్రం బాగా చదివిన ఒకాయన తరవాత నన్ను పక్కకి పిలిచారు. సముద్రం దాటినవాడు పతితుడని బోధాయనుడు చెప్పాడు కదా, అతనికి నువ్వు కర్మ ఎలా చేయించావు అన్నారు. ఆయన అడిగింది కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే. నేనూ నిజంగానే జవాబు చెప్పాను. బోధాయనుడు సముద్రయానాన్ని ఉత్తరాదివాళ్ళ ఆచారాల్లో ఒకటిగా కూడా లెక్కపెట్టాడు. అది అక్కడ చెల్లుతుందన్నాడు. అది అలా ఉంచండి. అజీగర్తుడు ఆకలికి తాళలేక కన్నకొడుకు శునశ్శేపుణ్ణి నూరు ఆవులకి అమ్మాడు, యూపానికి కట్టాక చంపడానికి కూడా సిద్ధపడ్డాడు. ఆకలి తీర్చుకోవడానికి చేశాడు కనక అతనికి పాపం అంటలేదని మనువు అన్నాడు. కొడుకు మీద కత్తి ఎత్తిన తండ్రిని ఆకలి కాపాడితే, ఓడ ఎక్కిన కొడుకుని ఎందుకు కాపాడదు? ఆయన చాలాసేపు ఆలోచించి, నువ్వు చెప్పింది కాదనలేను అన్నారు. ఔనని మాత్రం అనలేదు. అలా ఆగడంలో కూడా నాకు గౌరవం కనిపించింది.

ఇంతవరకూ రక్తసంబంధం ఉన్నవాళ్ళ మాట. నన్ను నిజంగా తొలిచేది ఆ పుటలోని మిగతా వరసలు. అక్కాతమ్ముళ్ళు తెచ్చిన నకలులో వాళ్ళ తాతది ఒక్క వరస. పైనా కిందా అదే ఓడలో దిగినవాళ్ళు. వాళ్ళ కోసం ఎవరు వెళ్ళి అడుగుతారు? తోటల్లోనే ఒంటరిగా చనిపోయినవాళ్ళున్నారు, పిల్లలు లేనివాళ్ళున్నారు, మలేరియాకి పోయినవాళ్ళున్నారు. ఆడవాళ్ళు మరీ తక్కువ. ఉన్న కొద్దిమంది పేర్ల పక్కనా అలాగే ఒక నంబరు. ఆ మోకా అరల్లో వేల ముఖాలు ఎవరూ వచ్చి అడగకుండా ఉన్నాయి. ఒకే ఓడలో వచ్చినవాళ్ళని ఆ దీవిలో ఉత్తరాదివాళ్ళు జహాజీ భాయీ అనేవారట. తోడబుట్టినవాళ్ళతో సమానంగా చూసుకున్నారు, వాళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా వద్దనుకున్నారు. ఊళ్ళో ఉన్న అన్నదమ్ములు పోయినచోట ఓడ ఇంకో అన్నదమ్ముల్ని ఇచ్చింది.

మా కర్మలో వీళ్ళకీ చోటుంది. వంశంలో పుట్టి పిల్లలు లేకుండా పోయినవాళ్ళ కోసం చివర్న తడిసిన ఉత్తరీయం కొస పిండి నీళ్ళు వదులుతాం. సంతానం లేని భీష్ముడికి ఏ సంబంధమూ లేని మనమందరం మాఘంలో తర్పణం ఇస్తాం. కారుణ్య వరసలో సఖుడికి చోటు ఉండనే ఉంది. అందుకని ఇప్పుడు మారిషస్ నుంచి ముందుగా ఉత్తరం రాసేవాళ్ళకి నేను ఒకటే చెబుతున్నాను: మీ తాత వరస ఒక్కటే కాదు, వీలైతే ఆ పుట మొత్తం నకలు తెచ్చుకోండి. ఆ ఓడలో ఆయన పక్కన పడుకున్నవాళ్ళ పేర్లు కూడా మీ నోటితో చెప్పండి. గోత్రం తెలియనివాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

అందులో ఒక కష్టం నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ పుటల్లో ముస్లిముల పేర్లూ క్రైస్తవుల పేర్లూ ఉంటాయి. గంజికి వెతుక్కున్న ఊళ్ళలో అన్ని ఇళ్ళూ ఉన్నాయి కదా. వాళ్ళని ఏం చెయ్యాలి? ప్రస్తుతానికి వాళ్ళని పేరు పెట్టి పిలవడం లేదు. తక్కువ చేసి కాదు. అడగకుండా ఒక మనిషిని తనది కాని వరసలో పేరు పెట్టి నిలబెట్టడం ఆ గుమాస్తా చేసిన పనే. అందుకని వాళ్ళ పేర్లు కాయితం చూసి పైకి చదవమంటాను, చదివిన తరవాత నీళ్ళు వదలమనను. ఒక కుటుంబం వాళ్ళు, ఆ పేర్ల కోసం తమ ఊళ్ళోని మసీదులో అన్నం పెట్టిస్తామన్నారు. పెట్టించామని తరవాత కబురు చేశారు. అది నాకంటే మంచి ఆలోచన. దాన్నే ఇప్పుడు తక్కినవాళ్ళకీ చెబుతున్నాను.

ఈ మహాలయానికి మళ్ళీ ఒక కుటుంబం వస్తోంది. రెండు పుటలు నిండా తెస్తున్నారట. పాదగయలో పక్షం రోజుల్లో రద్దీ ఎక్కువ. మెట్ల మీద కూర్చోడానికి చోటు దొరకదు. మిట్టమధ్యాహ్నపు కుతపకాలం దాటకూడదు కనక తెల్లవారగానే వచ్చి స్నానాలు చేసి ఉండమన్నాను. చదవడానికి పేర్లు చాలా ఉన్నాయి.